బొటనవేలి మంట, నేరేడు పండు: గౌట్‌కు పండ్ల సారాలు ఎంతవరకు పనికొస్తాయి?

జూన్ సగం గడిచేసరికి పర్లాకిమిడి బజారులోకి నేరేడు పళ్ల గంపలు దిగుతాయి. మహేంద్రతనయ ఏటికి అవతల ఆంధ్రలోని పాతపట్నం, ఇవతల ఒడిశాలోని గజపతి జిల్లా. బేరం తెలుగులోనూ సాగుతుంది, ఒడియాలోనూ సాగుతుంది. చక్కెర వ్యాధికి నేరేడు మంచిదన్న పేరు రెండు భాషల్లోనూ పాతదే. ఫోన్లలో తిరిగే వీడియోల పుణ్యమా అని ఇప్పుడు దానికి ఇంకో బిరుదు తోడైంది. కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని గౌట్ నొప్పికి ఇదే మందట. నేరేడు వెనకే ఉసిరి, అనాస, మామిడి తొక్క, తానికాయ, నోని రసం కూడా వరుస కట్టాయి.

ఇది ఒట్టి పుకారైతే కొట్టిపారేసి ఊరుకోవచ్చు. కానీ గౌట్ మంటను రగిలించే రసాయన చర్యలను ఈ పండ్లలోని కొన్ని పదార్థాలు ప్రయోగశాలలో నిజంగానే అడ్డుకుంటున్నాయి. గాజు పాత్రలో జరిగింది మనిషి కీలులో జరుగుతుందా అన్నదే తేలవలసిన విషయం. దానికి జవాబు ఒక్కో పండుకు ఒక్కో తీరుగా ఉంది.

గౌట్‌కు మూలం యూరిక్ యాసిడ్. కణాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే ప్యూరిన్లనే పదార్థాలూ, తిండితో వచ్చే ప్యూరిన్లూ శరీరంలో చివరకు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ఆఖరి రెండు మెట్లను నడిపేది జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. చాలా జంతువుల్లో యూరికేజ్ అనే మరో ఎంజైము ఈ యూరిక్ యాసిడ్‌ను ఇంకా తేలికగా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. మనిషికి ఆ ఎంజైము పరిణామక్రమంలో ఎప్పుడో పోయింది. అందువల్ల దాన్ని బయటికి పంపే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కిడ్నీల మీద, మిగిలింది పేగుల మీద పడింది. రక్తంలో డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే యూరేట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ ఉండే రూపం) కరిగి ఉండలేదు. సూది మొనల స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. ఉష్ణోగ్రత తగ్గితే కరిగే గుణం ఇంకా తగ్గుతుంది కాబట్టి, గుండెకు దూరంగా చల్లగా ఉండే బొటనవేలి మొదలు తరచుగా తొలి బాధితురాలు. దాడి ఎక్కువగా తెల్లవారుజామున మొదలవుతుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది వరకు దాడి ముప్పు పగటి వేళకంటే రెండు రెట్లకు పైగా ఉంటుందని ఒక అమెరికన్ పరిశీలన తేల్చింది.

స్ఫటికం ఉన్నంత మాత్రాన నొప్పి పుట్టదు. కొందరి కీళ్లలో అవి ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉంటాయి. రోగనిరోధక కణాల్లో ఒక రకమైన మాక్రోఫేజ్ ఆ స్ఫటికాన్ని మింగినప్పుడు కథ మారుతుంది. మింగింది గాని అరిగించుకోలేదు. కణం లోపల జీర్ణరసాలుండే సంచి చిట్లుతుంది, కణంలోని పొటాషియం బయటికి కారిపోతుంది. ఆ కల్లోలాన్ని పసిగట్టి ఎన్‌ఎల్‌ఆర్‌పి3 ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల కూటమి ఏర్పడుతుంది. అది కాస్పేజ్-1 అనే ఎంజైమును మేల్కొలుపుతుంది, ఆ ఎంజైము ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రోటీనును కత్తిరించి బయటికి వదులుతుంది. ఆ సంకేతం అందుకున్న న్యూట్రోఫిల్ తెల్లకణాలు కీలులోకి గుంపులుగా చేరతాయి. వాపు, ఎరుపు, వేడి, నొప్పి అన్నీ వాటి పనే. యూరేట్ స్ఫటికాలకూ ఈ ఇన్‌ఫ్లమసోమ్‌కూ ఉన్న లంకెను 2006లో స్విట్జర్లాండ్‌కు చెందిన యుర్గ్ చోప్ బృందం బయటపెట్టింది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను పట్టి ఆపే కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2023లో అమెరికాలో గౌట్ దాడుల చికిత్స కోసం అనుమతి దొరకడంతో ఈ వివరణకు మనుషుల్లోనే రుజువు దొరికినట్లయింది. ఆ ఇంజెక్షన్ ధర మాత్రం రాయగడలో కాదు, అమెరికాలోనే సామాన్యుడికి అందనిది.

అంటే గౌట్ చికిత్సలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గించి స్ఫటికాలను కరిగించడం. దీనికి నెలలు, కొందరికి ఏళ్లు పడతాయి. రెండోది, రగిలిన మంటను ఇప్పటికిప్పుడు ఆర్పడం. ఇది గంటల, రోజుల లెక్క. అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ మొదటి పని చేస్తాయి, కొల్చిసిన్, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు రెండో పని చేస్తాయి. పండ్ల సారాల ప్రచారంలో మొదట జరిగే మోసం ఈ రెంటినీ కలిపేయడమే. ఎలుకలో యూరిక్ యాసిడ్ తగ్గించిన పదార్థాన్ని ఈ రాత్రి నొప్పికి మందుగా చూపిస్తారు.

ఇంకో చిక్కు రోగం స్వభావంలోనే ఉంది. మందు వేసుకోకపోయినా తొలినాళ్ల గౌట్ దాడి సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. న్యూట్రోఫిల్ కణాలే చనిపోతూ స్ఫటికాలను, సంకేత ప్రోటీన్లను వలలో బంధించి మంటను చల్లారుస్తాయి. నొప్పి పరాకాష్ఠకు చేరిన మూడో రోజున నేరేడు తిన్నవారికి అయిదో రోజున తేలిక అనిపిస్తుంది. ఏమీ తినకపోయినా అలాగే అనిపించేది. ఘనత మాత్రం చివరగా నోట్లో పడిన దానికి దక్కుతుంది. సంతలో వేళ్లు, పొడులు అమ్మేవారి పేరు ప్రతిష్ఠలు చాలావరకు ఈ రెండు వారాల మీదే నిలబడ్డాయి.

పండ్లలో ఇప్పటివరకు ఎక్కువగా పరీక్షకు నిలిచింది ఈ ప్రాంతంలో పండనిది, చెర్రీ. 1950లో టెక్సాస్‌లో లుడ్విగ్ బ్లౌ పన్నెండు మంది రోగుల అనుభవాన్ని ప్రచురించిన నాటి నుంచి దాని పేరు వినిపిస్తూనే ఉంది. 2003లో కాలిఫోర్నియాలో పది మంది ఆరోగ్యవంతులైన మహిళలకు 280 గ్రాముల చెర్రీలు తినిపిస్తే కొన్ని గంటల్లో రక్తంలోని యూరేట్ తగ్గింది. 2012లో బోస్టన్ పరిశోధకులు 633 మంది గౌట్ రోగులను ఏడాది పాటు ఇంటర్నెట్ ద్వారా అనుసరించారు. ఒకే మనిషికి దాడి వచ్చిన రోజులనూ రాని రోజులనూ పోల్చి చూస్తే, ముందు రెండు రోజుల్లో చెర్రీ తిన్నప్పుడు దాడి ముప్పు 35 శాతం తక్కువగా కనిపించింది. అల్లోప్యూరినాల్ కూడా వాడుతున్నప్పుడు ముప్పు 75 శాతం తక్కువ. ఈ రెండో అంకెను ప్రచారకులు చెప్పరు. చెప్పవలసింది అదే. చెర్రీ మందుకు పక్కన నిలబడినప్పుడే బాగా రాణించింది.

ఇది పరిశీలనే గాని పరీక్ష కాదు. చెర్రీ తినే రోజున మనిషి మాంసం తగ్గించి ఉండవచ్చు, మద్యం మాని ఉండవచ్చు. న్యూజిలాండ్‌లో 50 మంది గౌట్ రోగులకు పుల్ల చెర్రీల గాఢ రసాన్ని వేర్వేరు మోతాదుల్లో 28 రోజులు ఇచ్చి 2020లో ఫలితం ప్రకటించారు. రక్తంలో యూరేట్ కదల్లేదు. కాబట్టి చెర్రీకి నిజంగా ఏదైనా ప్రభావం ఉంటే అది యూరిక్ యాసిడ్ మీద కాక మంట మీద ఉండాలి. ఎరుపు, ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్లు మంటను రగిలించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మీటను కణాల్లో అణచగలవని ప్రయోగాలు చెబుతున్నాయి గనుక ఆ ఊహ అసంగతమేమీ కాదు.

నేరేడు తొక్కకూ ఊదారంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లే. అయితే చెర్రీలో ప్రధానంగా సయనిడిన్ రకాలుంటే, నేరేడులో డెల్ఫినిడిన్, పెటునిడిన్, మాల్విడిన్ రకాలు ఎక్కువ. ఒకే కుటుంబం, వేర్వేరు అణువులు. చెర్రీ మీద వచ్చిన ఫలితాన్ని నేరేడుకు అంటగట్టడం పక్కింటివారి పట్టా చూపించి పొలం అమ్మడం లాంటిది. పైగా నేరేడు కాలం కొద్ది వారాలే. ఆ తర్వాత ఏడాదంతా బరంపురం నుంచి జయపురం దాకా దుకాణాల్లో దొరికే నేరేడు పొడి చాలావరకు గింజల పొడి. చక్కెర వ్యాధి కోసం అమ్మేది అదే. ఆంథోసయనిన్లు ఉండేది తొక్కలో, దాన్ని అంటిన గుజ్జులో. గింజలో ఉండేవి గాలిక్, ఎలాజిక్ ఆమ్లాల వంటి వేరే పదార్థాలు. గౌట్ కోసం గింజల పొడి కొంటున్న మనిషి తాను విన్న పదార్థాన్ని కొనడమే లేదు.

మోతాదు లెక్క వేస్తే ఇంకా స్పష్టమవుతుంది. యాపిల్ తొక్కలో, ఉల్లిలో, జామలో ఉండే క్వెర్సెటిన్‌నే తీసుకోవచ్చు. జాంథీన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకోవడంలో సహజ పదార్థాల్లో ఇది గట్టిదే. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వైపుగా ఉన్న 22 మంది ఆరోగ్యవంతులైన మగవారికి రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇచ్చినప్పుడు యూరిక్ యాసిడ్ కొద్దిగా తగ్గిందని 2016లో బ్రిటన్ నుంచి వచ్చిన పరిశోధన చూపింది. చిన్న పరీక్షే అయినా మర్యాదగా చేసిన పరీక్ష. కానీ తొక్కతో కూడిన యాపిల్‌లో వంద గ్రాములకు క్వెర్సెటిన్ నాలుగు మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. 500 మిల్లీగ్రాములు కావాలంటే రోజుకు పన్నెండు కిలోల పైచిలుకు యాపిళ్లు తినాలి. ఉల్లిపాయలతోనైతే రెండు కిలోలు దాటుతుంది. తిన్నది రక్తంలోకి చేరడం మరో గొడవ. గాజు పాత్రలో కణాల మీద ఈ పదార్థాలను పోసే గాఢత తరచుగా పదుల మైక్రోమోలార్లలో ఉంటుంది. తిండి ద్వారా రక్తంలో అవి సాధారణంగా ఒక మైక్రోమోలార్‌ను కూడా అందుకోవు. ఆంథోసయనిన్లయితే మారకుండా రక్తంలోకి చేరేది తిన్నదాంట్లో ఒకటి రెండు శాతానికి మించదు. మిగతాదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో కొన్ని పని చేయవచ్చు. ఉదాహరణకు దానిమ్మలోని ఎలాజిటానిన్ల నుంచి తయారయ్యే యూరోలిథిన్ ఎ మంటను తగ్గించే గుణం కలది. అయితే దాన్ని తయారు చేసే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. ఒకే దానిమ్మ ఇద్దరికి రెండు రకాలుగా పనిచేస్తుంది.

మామిడి తొక్క, ఆకు, బెరడుల్లో ఉండే మాంగిఫెరిన్ కథా ఇంచుమించు ఇదే. ఎలుకల్లో యూరిక్ యాసిడ్‌ను తగ్గించింది. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లడంలో మాత్రం బద్ధకస్తురాలు. ఇక్కడ ఎలుకల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఎలుకకు యూరికేజ్ ఉంది కాబట్టి దానికి గౌట్ రాదు. పొటాషియం ఆక్సోనేట్ అనే రసాయనంతో ఆ ఎంజైమును అణచి, కృత్రిమంగా యూరిక్ యాసిడ్ పెంచి, తర్వాత పండు సారం పోసి చూస్తారు. ఏళ్ల తరబడి కిడ్నీలు సరిగా పంపకపోవడం వల్ల మనిషిలో పేరుకునే యూరేట్‌కూ, వారం రోజుల్లో ఎలుకలో పెంచిన యూరేట్‌కూ చాలా తేడా ఉంది. ఎలుక ప్రయోగాలు పనికిరావని కాదు. మనిషిలో పరీక్షించదగ్గ పదార్థమేదో వడకట్టడానికి అవి పనికొస్తాయి, మోతాదు చెప్పడానికి పనికిరావు.

మనుషుల్లో కాస్త గట్టి ఫలితం ఇచ్చినది ఈ కొండల్లోనే విరివిగా దొరుకుతుంది. అది పండుగా ఎవరూ తినని తానికాయ. కోరాపుట్, రాయగడ అడవుల్లో గిరిజనులు ఏరి సంతల్లో అమ్మే అటవీ ఉత్పత్తుల్లో ఒడియాలో బహడా అని పిలిచే ఈ కాయ ఒకటి. కరక్కాయ, ఉసిరిలతో కలిస్తే త్రిఫల. హైదరాబాదులోని నిమ్స్ పరిశోధకులు యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్న 110 మందిని అయిదు గుంపులు చేసి 24 వారాల పాటు పరీక్షించారు. ఒక గుంపుకు ఉత్తుత్తి గోళీలు, ఒక గుంపుకు 40 మిల్లీగ్రాముల ఫెబుక్సోస్టాట్, మిగతావారికి కరక్కాయ సారం లేదా రెండు మోతాదుల్లో తానికాయ సారం. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. 2016లో అచ్చయిన ఫలితం ప్రకారం 500 మిల్లీగ్రాముల తానికాయ సారాన్ని రోజుకు రెండుసార్లు తీసుకున్నవారిలో యూరిక్ యాసిడ్ చెప్పుకోదగ్గంత తగ్గింది. కరక్కాయ వెనకబడింది. ఫెబుక్సోస్టాట్ అన్నిటికంటే ముందుంది.

ఈ పరీక్షను గౌరవించాలి, దాని హద్దులను కూడా గుర్తించాలి. అక్కడ కొలిచింది రక్తంలోని యూరిక్ యాసిడ్‌ను, వాచిన కీలును కాదు. వాడింది టానిన్ల పాళ్లు కొలిచి ఖాయం చేసిన నీటి సారాన్ని, సంతలో గోనె పరిచి కుప్ప పోసిన ఎండు కాయను కాదు. ఆ కుప్పలో కొన్ని కాయలు పోయిన ఏటివి, కొన్ని బూజు పట్టినవి, కొన్ని లేతగా రాలినవి. దంచి చెంచాడు మింగితే లోపలికి వెళ్లింది ఎంతో చెప్పగలిగేవారు లేరు. అయినా ఇంతమంది మాట్లాడే నేరేడు కంటే ఎవరూ పట్టించుకోని తానికాయకే సాక్ష్యం బలంగా ఉండడం గమనించదగ్గది.

ఉసిరి గురించి చెప్పేటప్పుడు అందరూ సి విటమిన్‌ను ముందుకు తెస్తారు. సి విటమిన్ కిడ్నీల్లో యూరేట్ తిరిగి రక్తంలోకి పీల్చుకోకుండా కొంత అడ్డుపడుతుంది. 13 పరీక్షలను కలిపి 2011లో చేసిన లెక్కలో యూరిక్ యాసిడ్ సగటున డెసిలీటరుకు 0.35 మిల్లీగ్రాములు తగ్గింది. డెసిలీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల దగ్గర ఉన్నవారు చికిత్స లక్ష్యమైన ఆరుకు దిగాలి. 0.35తో దిగరు. గౌట్ రోగులకే రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన న్యూజిలాండ్ పరీక్షలో ఉపయోగం కనిపించలేదు. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో గౌట్ కోసం సి విటమిన్ మాత్రలు వద్దనే వైపే మొగ్గింది. ఉసిరికాయ పచ్చడిగా తినడానికి ఇవేవీ అడ్డు కావు. అనాసలోని బ్రోమెలైన్ ముచ్చట ఇంకా చిన్నది. అది ఎక్కువగా ఉండేది కాండంలో. తినే గుజ్జులో తక్కువ, ఉడికిస్తే అదీ పోతుంది. గౌట్ మీద దానికి చెప్పుకోదగ్గ మానవ పరీక్ష లేదు.

పండులో మంటను ఆర్పే పదార్థంతో పాటు యూరిక్ యాసిడ్ పెంచే పదార్థం కూడా ఉంది. అదే ఫ్రక్టోజ్ చక్కెర. కాలేయంలో ఫ్రక్టోజ్‌ను పట్టి బంధించే ఎంజైము కణాల ఇంధనమైన ఏటీపీని అడ్డూఅదుపూ లేకుండా ఖర్చు చేస్తుంది. ఆ ఏటీపీ అవశేషాలు విరిగి విరిగి ప్యూరిన్ దారిలో యూరిక్ యాసిడ్‌గా తేలతాయి. 46 వేల మందికి పైగా మగవారిని పన్నెండేళ్లు అనుసరించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ తీపి శీతల పానీయాలు తాగేవారికి గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువగా కనిపించింది. పండ్ల రసం ఎక్కువగా తాగేవారిలోనూ ముప్పు పెరిగింది. ఒక పండును పీచుతో నమిలి తినడం వేరు, నాలుగు పండ్లను పిండి గ్లాసుడు రసం చేసి పంచదార కలిపి తాగడం వేరు. గౌట్‌కు మంచిదని పొద్దున్నే మామిడి రసమో, సీసాలో వచ్చిన పండ్ల పానీయమో పట్టిస్తే మేలు చేసే పదార్థం మిల్లీగ్రాముల్లో, కీడు చేసే చక్కెర పదుల గ్రాముల్లో లోపలికి పోతాయి.

తిండి విషయంలో ఇంకొక తారుమారు ఉంది. గౌట్ అనగానే ఇంట్లో ముందు పప్పు మాన్పిస్తారు. మొక్కల నుంచి వచ్చే ప్యూరిన్లు గౌట్ ముప్పు పెంచలేదని పెద్ద అధ్యయనాలు చూపాయి. పెంచేవి మాంసం, కాలేయం, చేపలు, అన్నిటికీ మించి మద్యం. సరిహద్దు జిల్లాల సంతల్లో ఎండు చేపలు, ఇళ్లల్లో ఇప్పసారా, కొండ గ్రామాల్లో జీలుగు కల్లు మామూలు. పప్పు మాని ఎండు చేపల పులుసుతో అన్నం తినే పథ్యం ఎవరికీ ఉపకరించదు.

ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు అసలు భయం కిడ్నీలు. ఇచ్ఛాపురం దాటగానే గంజాం జిల్లా. ఇచ్ఛాపురం నుంచి పలాస వైపు సాగే ఉద్దానం మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్నో ఏళ్లుగా కుటుంబాలను కూలుస్తోంది. దాని మూలకారణంపై శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీ బలహీనపడితే యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది, గౌట్ వస్తుంది. గౌట్ నొప్పికి దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఆ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ఆ మాత్రల భయంతో ప్రకృతి వైద్యం వైపు మళ్లడం అర్థం చేసుకోదగినదే. కానీ కిడ్నీ రోగికి కొన్ని పండ్లు మాత్రల కంటే తక్కువ ప్రమాదకరమేమీ కావు.

పెరట్లో కాసే నక్షత్రఫలమే ఇందుకు సాక్ష్యం. ఒడియాలో కరమంగ అంటారు. అయిదు అంచుల పుల్లటి కాయ, పచ్చడికీ పులుసుకూ బాగుంటుంది. అందులో ఆక్సలేట్ విపరీతంగా ఉంటుంది. దానికి తోడు కరంబాక్సిన్ అనే నాడీ విషం ఉందని 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆరోగ్యవంతుల కిడ్నీలు దాన్ని వడకట్టేస్తాయి. కిడ్నీలు పాడైనవారిలో ఆగని ఎక్కిళ్లతో మొదలై మతి తప్పడం, మూర్ఛలు, మరణం వరకు వెళ్లిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నోని రసంలో పొటాషియం నారింజ రసంలో ఉన్నంత ఉంటుంది. పొటాషియం తగ్గించుకొమ్మని వైద్యుడు చెప్పిన రోగి ఆ సీసా తాగి రక్తంలో పొటాషియం పెరిగి వైద్యుడి దగ్గరికి వచ్చిన ఉదంతం 2000లోనే అచ్చయింది. సర్వరోగ నివారిణిగా సీసా అంటగట్టే ఏజెంటు కొనేవారి క్రియాటినైన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎంతని అడగడు. వేసవిలో మంచిదని తాగే కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. డయాలసిస్ మీద ఉన్నవారికి అది పథ్యం కాదు.

మొక్కల్లోంచి గౌట్ మందు రాదనుకుంటే అదీ తప్పే. ఇప్పటికీ తొలి వరుసలో ఉన్న కొల్చిసిన్ మొక్క నుంచి వచ్చిందే. కొల్చికమ్ దుంపను బైజాంటియం వైద్యులు ఆరో శతాబ్దంలోనే గౌట్‌కు వాడారు. 1820లో ఫ్రాన్సులో పెల్తియే, కవాంతూ అనే రసాయన శాస్త్రవేత్తలు అందులోని పదార్థాన్ని వేరు చేశారు. అదే కొల్చిసిన్ తూర్పు కనుమల పొదల్లో ఎర్రగా, పసుపుగా మంటల్లా పూసే అగ్నిశిఖ దుంపలోనూ గింజలోనూ ఉంది. దాన్ని అడవినాభి అని కూడా అంటారు. తమిళనాడులో ఆ గింజల కోసమే సాగు చేస్తారు. దుంప తిన్నవారు మాత్రం వాంతులు, విరేచనాలతో మొదలై అవయవాలు దెబ్బతిని చనిపోవచ్చు. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత తక్కువ. గోళీగా మారాకే అది చికిత్స అయింది. ఆ గోళీ మోతాదును కూడా 2010లో వచ్చిన ఒక పరీక్ష సవరించింది. ఆరు గంటల్లో 4.8 మిల్లీగ్రాములు ఇవ్వడం కంటే గంట వ్యవధిలో 1.8 మిల్లీగ్రాములు ఇస్తే నొప్పి అంతే తగ్గుతుంది, విరేచనాలు మాత్రం చాలా తగ్గుతాయి అని తేలింది.

కొల్చిసిన్ వాడేవారు పండ్ల విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. ద్రాక్షపనస (గ్రేప్‌ఫ్రూట్)లోని ఫ్యూరానోకౌమరిన్లనే పదార్థాలు ఈ మందును శరీరం విరిచి బయటికి పంపే దారిని మూసి, రక్తంలో దాని స్థాయిని పెంచవచ్చు. అందుకే మందు వాడకపు సూచనల్లో ఆ రసం వద్దని ఉంటుంది. ఇక్కడి పెరళ్లలో కాసే పంపరపనస దానికి దగ్గరి చుట్టం, ఆ జాతి పదార్థాలు దీనిలోనూ ఉన్నాయి. పండులోని సహజ పదార్థం మందుకు తోడు నిలవడమే కాదు, ఒక్కోసారి దాన్ని విషంగా మార్చడానికీ సాయపడుతుంది.

సరిహద్దులో గౌట్ చికిత్స చెడేది తరచుగా ఒక మలుపు దగ్గర. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో చూపించుకుని వచ్చిన రోగి అల్లోప్యూరినాల్ మొదలుపెడతాడు. యూరిక్ యాసిడ్ తగ్గడం మొదలవగానే పాత స్ఫటికాలు వదులై రాలతాయి, రోగనిరోధక కణాలు వాటి మీద పడతాయి. మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో దాడులు పెరిగేది అందుకే. ఇది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. రోగికి మాత్రం మందు వికటించినట్లు కనిపిస్తుంది. మళ్లీ పోవాలంటే రైలో బస్సో పట్టాలి, ఒక రోజు కూలి పోతుంది. మందు ఆపేస్తాడు. దాడి రెండు వారాల్లో దానంతట అది తగ్గుతుంది, అప్పటికి తింటున్న నేరేడుకు పేరొస్తుంది, యూరిక్ యాసిడ్ మళ్లీ పైకి పోతుంది. దాడి సాగుతుండగా చేసిన రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించడం కూడా ఉంది. దాన్ని చూసి గౌట్ కాదని తేల్చుకునేవారూ ఉన్నారు. నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయిస్తేనే సరైన లెక్క తెలుస్తుంది. చికిత్స లక్ష్యం డెసిలీటరుకు ఆరు మిల్లీగ్రాముల లోపు. ఆ మెట్టు దిగేదాకా మోతాదు వైద్యుడు క్రమంగా పెంచుతూ పోవాలి. రక్తపోటుకు వాడే కొన్ని మూత్రవర్ధక మాత్రలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ ఒకచోట రాసి తీసుకుపోవడం మేలు. అల్లోప్యూరినాల్‌తో ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి వైద్యుడికి చూపాలి. అది కొందరిలో ప్రాణాంతకం.

ఆ తొలి నెలల దాడులను ఆపడానికి కనీసం మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కొల్చిసిన్ తోడుగా ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి కొల్చిసిన్ మోతాదు తగ్గించాలి, కొందరికి ఇవ్వనే కూడదు. నొప్పి మాత్రలు ముట్టకూడదు. నెలల తరబడి స్టెరాయిడ్లు ఇస్తే చక్కెర, ఎముకలు చెడతాయి. పండ్ల పదార్థాలకు చికిత్సలో నిజంగా ఖాళీ ఉన్న చోటు ఏదైనా ఉంటే అది ఇక్కడ. దాడి రాత్రి నొప్పిని ఆర్పే బలం వాటికి లేదు, అల్లోప్యూరినాల్ స్థానంలో కూర్చునే బలమూ లేదు. ఇన్‌ఫ్లమసోమ్‌ను కొద్దికొద్దిగా, నెలల పాటు, కిడ్నీకి హాని లేకుండా అణచి ఉంచే పని చేయగలవేమో చూడవచ్చు. చెర్రీ అల్లోప్యూరినాల్ పక్కన ఉన్నప్పుడు మెరుగ్గా కనిపించడం కూడా ఈ దిక్కునే చూపుతోంది.

అది తేలాలంటే నేరేడు తొక్క, గుజ్జు సారంలో ఆంథోసయనిన్ల పాళ్లు కొలిచి ఖాయం చేయాలి, చక్కెర తీసేయాలి, పొటాషియం తీసేయాలి. అల్లోప్యూరినాల్ కొత్తగా మొదలుపెట్టిన కిడ్నీ రోగులను రెండు గుంపులు చేసి ఒకరికి సారం, ఒకరికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్తుత్తి గోళీ ఇవ్వాలి. కొలవవలసింది రక్తంలో యూరిక్ యాసిడ్‌ను కాదు. ఆరు నెలల్లో వచ్చిన దాడుల సంఖ్యను, వాటికి మింగిన నొప్పి మాత్రలను, మొదటి రోజునా చివరి రోజునా ఉన్న క్రియాటినైన్‌ను.